నొప్పి తగ్గుతుంది సరే... కండ మాటేంటి?

ఐసు ముక్కలు తేలుతున్న తొట్టి. అందులో మెడ దాకా మునిగి, పళ్లు బిగపట్టి, కళ్లు గట్టిగా మూసుకున్న ఆటగాడు. పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని ఇంకో మనిషి. మ్యాచ్ అయిపోయాక క్రికెటర్ల ఫొటోల్లో, ఫుట్‌బాల్ వీడియోల్లో ఈ దృశ్యం చూడని ఇల్లు ఇప్పుడు లేదేమో. చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. డిగ్రీ చదివే అబ్బాయి జిమ్ నుంచి వస్తూనే ఫ్రిజ్ తలుపు తీసి ఐసు ట్రేలన్నీ బకెట్లో బోర్లించేస్తున్నాడు.

'ఒరేయ్, మీ నాన్న మజ్జిగలోకి ఒక్క ముక్కన్నా ఉంచరా' అని వంటింట్లోంచి అమ్మ కేక. 'కాళ్లు పట్టేశాయమ్మా, ఎల్లుండి మళ్లీ బస్కీలు తియ్యాలి' అని అబ్బాయి జవాబు. హాల్లో కూర్చున్న నాయనమ్మకు మాత్రం ఇదంతా విడ్డూరమే. 'ఒళ్లు నొప్పులకి వేణ్నీళ్లు పోసుకుంటారు గానీ, చన్నీళ్లేంట్రా నాయనా?'

ఇలాంటి వాదన ఇప్పుడు చాలా ఇళ్లలో నడుస్తోంది. ఊళ్లలో కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న కుర్రాళ్లు కూడా బావి దగ్గరో, డ్రమ్ములోనో ఈ ప్రయోగం చేసి చూస్తున్నారు. నగరాల్లోనైతే చన్నీళ్ల తొట్టెకు గంట లెక్కన డబ్బులు తీసుకునే కేంద్రాలే వెలిశాయి. మరి అందులో మునిగితే కండరాలు నిజంగానే తొందరగా కోలుకుంటాయా? శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను చాలాసార్లే పరీక్షకు పెట్టారు. వచ్చిన జవాబు మాత్రం తొట్టెలు అమ్మేవారికి అంతగా రుచించేది కాదు.

అసలా నొప్పి ఎక్కడిది?

జిమ్‌లో చేరిన మొదటిరోజు హుషారుగానే ఉంటుంది. అసలు కథ మర్నాడు మొదలవుతుంది. కింద కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. రెండోరోజుకి నొప్పి ఇంకా ముదురుతుంది. మూడోరోజు దాటాక మెల్లగా దిగి, వారంలోపు మాయమవుతుంది. వైద్యులు దీనికి పెట్టిన పేరుకు అర్థం 'ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పి'. పొడి అక్షరాల్లో డామ్స్ అంటారు.

ఇదంతా లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లే అని స్కూల్లో ఆటల మాస్టారి దగ్గర్నుంచి జిమ్ కోచ్ దాకా అందరూ చెబుతుంటారు. కానీ గట్టిగా పరిగెత్తినప్పుడు రక్తంలో పెరిగిన లాక్టేట్, ఆపిన గంటకు అటూఇటూగా మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పేమో మర్నాడు మొదలవుతోంది. నిన్న సాయంత్రమే ఊరు దాటి వెళ్లినవాడి మీద ఇవాళ పొద్దున జరిగిన దొంగతనం మోపినట్టుంది ఈ వాదన. 1902లోనే థియొడోర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త, అలవాటు లేని పని చేసినప్పుడు కండరం లోపల ఏర్పడే చిరుగులే ఈ నొప్పికి కారణం కావచ్చని రాశాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట మొత్తమ్మీద నిలబడింది. కండర పోగుల్లో సూక్ష్మమైన దెబ్బ తగలడం, దాన్ని బాగుచేయడానికి ఒంట్లోని కణాలు అక్కడికి చేరడం, ఆ హడావుడిలో నరాల కొసలు సున్నితమైపోవడం... ఇదీ క్రమం.

అన్ని పనులూ ఒకేలా నొప్పి పుట్టించవు. కండరం పొట్టి అవుతూ బరువు ఎత్తడం ఒక రకం. సాగుతూ బరువును ఆపడం ఇంకో రకం. ఈ రెండోదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. తిరుమల నడకదారి తెలిసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది గానీ, తొడలు అసలు కష్టపడేది దిగేటప్పుడే. ఒక్కో మెట్టుకీ ఒంటి బరువంతటినీ బ్రేకు వేసి ఆపాల్సింది ఆ తొడ కండరాలే. అందుకే నడిచి ఎక్కి బస్సులో దిగినవారి కన్నా నడిచే దిగినవారు మర్నాడు ఎక్కువ మూలుగుతారు.

ఇంకో సంగతుంది. అదే పని రెండు మూడు వారాల్లో మళ్లీ చేస్తే నొప్పి మొదటిసారంత ఉండదు. చాలా తక్కువగా ఉంటుంది. మొదటిసారి తిన్న దెబ్బను కండరం గుర్తుపెట్టుకుని, బాగుచేసుకునేటప్పుడే కాస్త గట్టిగా కట్టుకుంటుంది. చన్నీళ్ల కథ అంతా తిరిగేది ఈ 'బాగుచేసుకోవడం' చుట్టూనే.

పది నిమిషాల మొద్దుబారుడు

గాలితో పోలిస్తే నీరు వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే 15 డిగ్రీల గాలిలో స్వెట్టర్ వేసుకుని తిరగొచ్చు గానీ, 15 డిగ్రీల నీళ్లలో దిగితే నిమిషంలో పళ్లు టకటకలాడతాయి. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. నరాలు సంకేతాలు పంపే వేగం తగ్గుతుంది. కాబట్టి నొప్పి కబురు మెదడుకి నెమ్మదిగా చేరుతుంది. దానికి తోడు నీళ్ల ఒత్తిడి కాళ్లను అన్నివైపుల నుంచీ నొక్కుతుంది.

ఆటల ప్రపంచంలో దీనికి పెద్ద ప్రచారం తెచ్చినవారిలో బ్రిటన్ పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్ ఒకరు. 2002 యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో 10,000 మీటర్ల బంగారు పతకం గెలిచాక, ఐసు స్నానాల వల్లే తొందరగా కోలుకుంటున్నానని ఆమె చెప్పడంతో అందరి చూపూ తొట్టి మీద పడింది. చాంపియన్ చెప్పాక ఇంకేం కావాలి? ప్రపంచమంతా ఐసు కొనడం మొదలెట్టింది.

పరీక్షలూ జరిగాయి. వైద్యరంగంలో ప్రయోగాలన్నింటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2012లో ఈ లెక్క తేల్చింది. 17 చిన్న ప్రయోగాలు, వాటిలో పాల్గొన్నవారు మొత్తం 366 మంది. చాలావాటిలో నీళ్లు 10 నుంచి 15 డిగ్రీల మధ్య, మునిగి ఉన్న సమయం 5 నుంచి 24 నిమిషాలు. ఏమీ చేయకుండా విశ్రాంతి తీసుకున్నవారితో పోలిస్తే, చన్నీళ్లలో కూర్చున్నవారికి ఆ తర్వాతి రోజుల్లో నొప్పి తక్కువగా అనిపించింది. అంటే అబ్బాయి మాటలో నిజం ఉందన్నమాటే. అయితే ఎంత చల్లదనం, ఎంతసేపు అన్నది కచ్చితంగా చెప్పలేమని, ప్రమాదాల గురించి ఈ ప్రయోగాలు సరిగా నమోదు చేయలేదని కూడా ఆ నివేదిక రాసింది. ఈ రెండో సగం ఏ ప్రకటనలోనూ కనిపించదు. (మైనస్ వంద డిగ్రీలకు కిందికి దించిన గదుల్లో మనుషుల్ని నిలబెట్టే ఖరీదైన 'క్రయోథెరపీ' మీదా 2015లో కాక్రేన్ ఇలాంటి సమీక్షే చేసింది. దొరికినవి నాలుగు ప్రయోగాలు, 64 మంది. నొప్పి తగ్గుతుందని చెప్పడానికి ఆ ఆధారాలు చాలవని తేల్చేసింది.)

ఇక్కడో చిక్కుంది. కొత్త మాత్రను పరీక్షించేటప్పుడు కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్త పిండి మాత్ర ఇచ్చి ఎవరికి ఏది ఇచ్చారో చెప్పకుండా చూస్తారు. చన్నీళ్లకి అదెలా కుదురుతుంది? ఐసు నీళ్లలో కూర్చోబెట్టి 'ఇవి ఐసు నీళ్లు కావు' అంటే నమ్మేదెవరు? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పరిశోధకులు 2014లో దీనికి మంచి ఉపాయమే పన్నారు. 30 మంది కుర్రాళ్ల చేత సైకిల్ మీద గట్టిగా వ్యాయామం చేయించి మూడు జట్లు చేశారు. ఒక జట్టును 10 డిగ్రీల నీళ్లలో, రెండో జట్టును గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టారు. మూడో జట్టుకూ గోరువెచ్చటి నీళ్లే. కాకపోతే వాళ్ల కళ్లెదుట అందులో ఒక ద్రవం కలిపి, 'ఇది కండరాలు కోలుకోవడానికి కొత్తగా కనిపెట్టిన ప్రత్యేకమైన నూనె' అన్నారు. నిజానికది చర్మం కడుక్కునే మామూలు సబ్బు ద్రవం!

రెండు రోజుల తర్వాత కాళ్ల బలం కొలిచారు. సబ్బు నీళ్ల జట్టు ఐసు నీళ్ల జట్టుతో సమానంగా కోలుకుంది. ఏమీ చెప్పకుండా గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టినవాళ్లే వెనకబడ్డారు. అంటే ఐసు స్నానం చేసే మేలులో కొంత నీళ్లది, కొంత నమ్మకానిది. దీన్ని మోసం అని కొట్టిపారేయనక్కర్లేదు. రేపు ఫైనల్ ఆడాల్సిన మనిషికి 'నా కాళ్లు బాగున్నాయి' అన్న నమ్మకం తక్కువ విలువైనదేం కాదు. కానీ దానికి డబ్బులు కట్టేముందు ఈ సబ్బు నీళ్ల కథ గుర్తుంచుకోవడం మంచిది.

ఒక కాలు ఐసులో, ఒక కాలు బయట

ఇంతవరకూ బాగానే ఉంది. నొప్పి కాస్త తగ్గుతుంది, నమ్మకం కుదురుతుంది, ఖర్చు ఐసుదే కదా అనుకోవచ్చు. ఖర్చు ఐసుది మాత్రమే కాదని 2015లో తేలింది.

క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 21 మంది యువకుల చేత 12 వారాల పాటు, వారానికి రెండు రోజులు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. వ్యాయామం అవగానే సగం మంది 10 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు కూర్చునేవారు. మిగతావారు అంతసేపూ తేలిగ్గా సైకిల్ తొక్కేవారు. మూడు నెలల తర్వాత చూస్తే, సైకిల్ తొక్కినవారికి కండ, బలం రెండూ ఎక్కువ పెరిగాయి. బరువులెత్తడానికి పనికొచ్చే ఒక రకం కండర పోగుల మందం వాళ్లలో 17 శాతం పెరిగింది. చన్నీళ్లవారిలో ఆ పోగుల్లో చెప్పుకోదగ్గ మార్పే లేదు. అదే జిమ్, అవే బరువులు, అవే పన్నెండు వారాలు. తేడా ఆ పది నిమిషాలదే.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 2020లో చేసిన ప్రయోగం ఇంకా చిత్రమైనది. మనిషికీ మనిషికీ తిండిలో, నిద్రలో, పుట్టుకలో తేడాలుంటాయి కాబట్టి ఇద్దర్ని పోల్చడం కన్నా ఒకే మనిషిలోని రెండు కాళ్లను పోలిస్తే పోలా అనుకున్నారు అక్కడివాళ్లు. 12 మంది యువకులు వ్యాయామం చేయగానే ఒక కాలు 8 డిగ్రీల నీళ్లలో, రెండో కాలు 30 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచారు. తర్వాత పాల ప్రొటీన్ కలిపిన పానీయం తాగించారు. ఆ ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలకు ముందే గుర్తు పెట్టారు కాబట్టి, అవి ఏ కాలి కండలోకి ఎంత చేరాయో లెక్కగట్టగలిగారు. ఐసు కాలు తక్కువ తీసుకుంది. ఆ కాలిలో కొత్త కండ ప్రొటీన్ తయారయ్యే వేగం మొదటి గంటల్లో సుమారు ఐదో వంతు తగ్గింది. రెండు వారాలు ఇదే పద్ధతి నడిపినా చల్లటి కాలు వెనకే ఉండిపోయింది.

ఈ లెక్క ఇంటి పద్దులోకి దించి చూస్తే సంగతి అర్థమవుతుంది. పొద్దున నాలుగు గుడ్లు, మధ్యాహ్నం చికెన్, నెలకు వేలు పోసి తెచ్చే ప్రొటీన్ పొడి డబ్బా. అవన్నీ కండగా మారాల్సిన సమయానికి సరిగ్గా ఐసు పోసి తలుపు సగం మూసేసినట్టు అవుతోంది. కండ పెంచడానికి కష్టపడుతున్న కుర్రాడు ప్రతిరోజూ జిమ్ అవగానే ఐసు తొట్టెలో కూర్చోవడమంత తలకిందుల పని ఇంకోటి లేదు.

ఎందుకిలా? దెబ్బ తగిలినచోట వాపు రావడం కూడా రిపేరులో భాగమే. దాన్ని అణిచేస్తే రిపేరూ నెమ్మదిస్తుందన్నది ఒక వివరణ. దెబ్బ తగలగానే విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాలను 'రైస్' పేరుతో 1978లో తన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ కూడా, 2014లో ఐసు మాన్పును ఆలస్యం చేయొచ్చని తన మాట సవరించుకున్నాడు. ముప్పై ఆరేళ్ల తర్వాత!

అయితే కథ అంత సాఫీగానూ లేదు. 2017లో అదే క్వీన్స్‌లాండ్ బృందం 9 మంది కండరాల నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, చన్నీళ్ల తర్వాతా, సైకిల్ తర్వాతా కండరం లోపలి వాపు సంకేతాలు ఒకేలా ఉన్నాయి. 2025లో వెలువడిన మరో సమీక్షలో 11 అధ్యయనాలు, 3,177 మంది వివరాలు చూశారు. చన్నీళ్లలో మునిగిన వెంటనే, గంట తర్వాత కూడా వాపు గుర్తులు పెరిగాయే తప్ప తగ్గలేదు. కాబట్టి 'ఐసు లోపలి మంటను చల్లారుస్తుంది' అని కోచ్‌లు చెప్పే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఒంట్లో అలా జరుగుతోందని చూపించడం కష్టంగానే ఉంది. కండ తయారీ తగ్గుతోందన్నది కొలతల్లో కనిపిస్తోంది. దానికి రక్తప్రసరణ తగ్గడం ఎంత కారణం, మిగతావి ఎంత కారణం అన్నదాని మీద ఇంకా పని జరుగుతోంది.

మరి చాంపియన్లు ఎందుకు మునుగుతారు? వాళ్ల లెక్క వేరు. బ్యాడ్మింటన్ పెద్ద టోర్నీలో ఫైనల్‌కు చేరాలంటే ఐదారు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడాలి. ఆ వారంలో కండ పెంచుకోవాలని ఎవరూ చూడరు. రేపు పొద్దున కాళ్లు కదలాలి, అంతే. అలాంటిచోట చన్నీళ్లు పనికొస్తాయి. జిల్లా స్థాయి స్కూలు ఆటల్లో రెండ్రోజుల్లో నాలుగైదు కబడ్డీ మ్యాచ్‌లు ఆడే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. పరుగు, సైక్లింగ్‌లాంటి దమ్ముకు సంబంధించిన సాధనను చన్నీళ్లు అంతగా దెబ్బతీయవని 2021లో వచ్చిన సమీక్ష ఒకటి చెప్పింది. అందులోనూ బలం పెంచే వ్యాయామానికి మాత్రం చెరుపే కనిపించింది. కాబట్టి 1600 మీటర్ల పరుగు కోసం తిప్పలు పడుతున్న కుర్రాడికి నష్టం పెద్దగా లేకపోవచ్చు. జిమ్ కుర్రాడికి ఉంది. చన్నీళ్లంటే సరదా ఉంటే జిమ్ లేని రోజున దిగితే సరిపోతుంది. చెరుపు కనిపించిన ప్రయోగాలన్నీ వ్యాయామం అయిన వెంటనే మునిగినవే మరి.

మన నీళ్లు అంత చల్లగా ఉంటాయా?

ప్రయోగాల్లో వాడినవి 10 నుంచి 15 డిగ్రీల నీళ్లు. మన ఇళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల 25 డిగ్రీలకు పైనే ఉంటాయి. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు కుళాయి తిప్పితే గీజరు అక్కర్లేదు. లంబసింగి చలికాలాన్ని లెక్కలోంచి తీసేస్తే, తెలుగునాట 'చన్నీళ్ల స్నానం' అంటే ఆ ప్రయోగాల భాషలో గోరువెచ్చటి స్నానం కిందికే వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 28 డిగ్రీలున్న 100 లీటర్ల నీటిని 14 డిగ్రీలకు దించడానికి సుమారు 15 కిలోల ఐసు కావాలి. ఫ్రిజ్‌లో ఒక ట్రేకి వచ్చేది పావుకిలో అనుకుంటే అరవై ట్రేలు! మన అబ్బాయి 15 లీటర్ల బకెట్లో నాలుగు ట్రేలు బోర్లిస్తే నీళ్లు 21 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. పాదాలకు హాయిగా ఉంటుంది, నాన్నకి మజ్జిగలోకి ఐసు ఉండదు. తొడల నొప్పికి దానితో ఒరిగేదేమీ లేదు.

నిజంగా తొట్టి నిండా ఐసు పోసి దిగేవారికి వేరే జాగ్రత్తలున్నాయి. ఒళ్లు ఒక్కసారిగా చన్నీళ్లలో పడగానే అప్రయత్నంగా పెద్దగా ఎగశ్వాస వస్తుంది. నిమిషం రెండు నిమిషాలు ఊపిరి మన చేతిలో ఉండదు. ఆ సమయంలో తల నీళ్లలో ఉంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు, షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఈ జోలికి పోకూడదు. చిన్నపిల్లలతో సరదాకు కూడా వద్దు. ఆరోగ్యవంతులైనా ఒంటరిగా దిగకూడదు. మెల్లగా కాళ్ల నుంచి మొదలుపెట్టి, నడుము దాకా చాలు, పది నిమిషాలు దాటకుండా బయటికి రావాలి.

ఐసుకూ మసాజుకూ లొంగని నొప్పి ఒకటుంది. అలవాటు లేని ఒంటితో ఒక్కరోజే వందల గుంజీళ్లు తీస్తే కండరాలు బాగా చితికి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. విపరీతమైన నొప్పి, వాపుతో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే తొట్టి కాదు, ఆసుపత్రి వెతుక్కోవాలి. శిబిరాల్లో, సెలక్షన్ల ముందు తొందరపడే పిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క గుర్తు మర్చిపోకూడదు.

ఇక నాయనమ్మ మాట. కండరాల నొప్పికి వాడే రకరకాల పద్ధతుల మీద జరిగిన 99 అధ్యయనాలను 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు పక్కపక్కన పెట్టి పోల్చారు. నొప్పి, అలసట తగ్గించడంలో అన్నింటికన్నా ముందు నిలిచింది మర్దన. చన్నీళ్లు కూడా జాబితాలో ఉన్నాయి గానీ దాని తర్వాతే. నువ్వుల నూనె కాచి, పిక్కలకూ తొడలకూ పట్టించి, కాసేపాగి వేణ్నీళ్లు పోసే పాత పద్ధతిలో వేణ్నీళ్ల మీద జరిగిన పరీక్షలు చన్నీళ్లతో పోలిస్తే తక్కువే. నూనె మర్దన సంగతి మాత్రం ఆవిడే గెలిచారు. కాకపోతే మెల్లగా రాయాలి. 'నొప్పి ఉన్నచోటే గట్టిగా పిసకాలి' అని ఎముకలు విరిచేసే బంధువులను దూరం పెట్టాలి.

మిగతాదంతా ఖర్చులేని వ్యవహారమే. మర్నాడు మంచం పట్టకుండా పది ఇరవై నిమిషాలు మెల్లగా నడవడం, వేళకు తిండి, చాలినంత నిద్ర. మొదటి వారంలోనే మొనగాడు అనిపించుకోవాలని చూడకుండా బరువు కొద్దికొద్దిగా పెంచడం. ఒకసారి అలవాటు పడిన కండరానికి రెండోసారి అంత నొప్పి రాదు కాబట్టి, మొదటి వారం ఓర్చుకున్నవారికి తొట్టి అవసరమే పడదు.

చన్నీళ్ల తొట్టి గురించి ఎవరూ వాదించుకోని విషయం ఒకటుంది. అది నొప్పులది కాదు, వడదెబ్బది. ఎండలో పరిగెడుతూ కుప్పకూలి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతున్న మనిషికి చన్నీళ్లే ప్రాణం పోస్తాయి. అమెరికాలోని ఫాల్‌మత్‌లో ఏటా ఆగస్టులో జరిగే పరుగు పందెంలో 18 ఏళ్లలో 274 మందికి ఇలా వడదెబ్బ తగిలింది. పందెం చివర సిద్ధంగా ఉంచిన ఐసు నీళ్ల తొట్టెల్లో వెంటనే ముంచడంతో 274 మందీ బతికారు. తొట్టెలో ఒంటి వేడి నిమిషానికి 0.2 డిగ్రీల చొప్పున దిగింది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పరుగు సాధన చేసే మైదానాల్లో, సెలక్షన్లు జరిగేచోట తొట్టి ఉండాల్సింది ఇందుకు. అది లేకపోతే చేయాల్సింది చాలా సులువు. 108కి ఫోన్ చేసి, మనిషిని నీడకు చేర్చాలి. బూట్లు, మందపాటి బట్టలు తీసేయాలి. దొరికిన నీళ్లన్నీ ఒంటి మీద గుమ్మరిస్తూ విసరాలి. కూల్‌డ్రింకు కొట్టులో ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ వేడికి జ్వరం బిళ్ల పనిచేయదు. అంబులెన్స్ వచ్చేదాకా నీళ్లు పోయడం మాత్రం ఆపకూడదు.